ఎండిన నేల – పెరటి మడి – బడి సెలవులు

వేసవిలో పాల కేంద్రం అరుగు మీద మాటలు తొందరగా తెమలవు. పాలు పోసి, కొలత చూసుకొని, వెన్న శాతం పుస్తకంలో రాయించుకొని కూడా ఎవరూ కదలరు. “మా దొడ్లో నేల నెర్రెలు విచ్చిందండీ, బీరపాదు నిలువునా వాడిపోయింది” అని ఒకరంటారు. “బడికి సెలవులిచ్చారు, ఈ పిల్లలతో వేగలేకపోతున్నాం” అని ఇంకొకరు. గేదె పాలు తగ్గినాయనే మాట ఎలాగూ వుంటుంది. ఈ మూడూ వేరు వేరు కష్టాలుగా కనిపిస్తాయి గాని, చాలా ఇళ్లలో మూడింటికీ మందు ఆ ఇంటి పెరట్లోనే, పశువుల పాకకూ వంటింటికీ నడుమనే వున్నది. ఈ నెల పాఠానికి అదే విషయం తీసుకొన్నాము.

ఒక వేసవిలో కంకిపాడు దాటి లోపలికి వున్న ఒక సంఘానికి వెళ్లాము. అక్కడ ఒక పెద్దావిడ, రెండు గేదెల సభ్యురాలు, మమ్మల్ని తన దొడ్లోకి తీసుకుపోయింది. పాక వెనుక నాలుగు సెంట్ల ఖాళీ స్థలం. మూలన ఒక కరివేపాకు చెట్టు, ఒక మునగ. మిగిలినదంతా బోడి నేల.

“ఏమ్మా, ఇంత చోటు పెట్టుకొని ఏమీ వేయలేదే?” అన్నాము.

“ఏం వేయమంటావు బాబూ! కాలువ కట్టేసి నెలయింది. గునపం వేస్తే ఖణేలుమంటోంది. పొద్దున్న పది బిందెలు పోస్తే సాయంత్రానికి జాడ వుండదు.”

“ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూశారా?”

“ఎటు పోతాయి, పాతాళానికి!” అని నవ్వింది. తరువాత గొంతు తగ్గించి, “అది అట్లా వుంచు. ఇదిగో ఈ మనవడు రోజూ మధ్యాహ్నం కాలువ గుంటల దగ్గరికి పోతున్నాడు. మట్టి తవ్విన చోట నీళ్లు నిలిచి వున్నాయి, ఎంత లోతో ఎవరికీ తెలియదు. నాకు గుండె దడగా వుంటుంది. వీడికేదైనా పని చెప్పు బాబూ, నీ మాటైతే వింటాడు” అన్నది.

ఈ పాఠం ఆ మాటతో మొదలయింది. బీరకాయల కోసమైతే ఇంత రాసేవాళ్లం కాదు.

ముందు ఆవిడ అన్న పాతాళం సంగతి చూద్దాము. హాస్యానికి అన్నా అది నిజమే. మన డెల్టా నేలలో చాలా భాగం నల్లటి బంకమట్టి. కృష్ణ వేల సంవత్సరాలుగా తెచ్చి పోసిన ఒండ్రు. 1852లో మొదలుపెట్టి 1855లో ముగించిన ఆనకట్ట, దాని స్థానంలో 1957 నాటికి వచ్చిన ప్రకాశం బ్యారేజి, ఈ మట్టికి నీరు అలవాటు చేశాయి. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ పారినన్నాళ్లూ మనకు మట్టి స్వభావం తలచుకొనే అవసరం రాదు. కాలువ కట్టేసిన తరువాతనే అది బయటపడుతుంది. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకొంటుంది. ముడుచుకొన్నప్పుడు నెర్రెలు విచ్చుతుంది. ఒక్కొక్క నెర్రె లోపలికి చేయి పడుతుంది. పైన పోసిన బిందెడు నీళ్లు ఆ సందులో పడి వేర్లకు అందనంత లోతుకు పోతాయి. అంతటితో అయిపోలేదు. అదే నెర్రె గుండా అడుగున వున్న కొద్ది తేమ కూడా ఎండకు ఆవిరవుతుంది. నీరు దిగేదీ ఆ దారినే, తేమ పోయేదీ ఆ దారినే.

ఇంకొక చిక్కు కూడా వుంది. బంకమట్టి చేతికి చల్లగా తగిలినా మొక్క వాడుతూనే వుంటుంది. ఆ మట్టి నీటిని గట్టిగా పట్టుకొంటుంది, వేరు లాగితే వదలదు. ఇసుక నేల అట్లా కాదు. నది ఒడ్డున లంకల్లో ఇసుక కలిసిన ఒండ్రులో నీరు తొందరగా ఇంకుతుంది, వున్న నీటిని మొక్కకు తేలికగా ఇస్తుంది, తొందరగా ఖాళీ కూడా అవుతుంది. నూజివీడు వైపు ఎర్ర నేలల తీరు వేరు. బందరు దాటి సముద్రం దగ్గరపడిన కొద్దీ ఉప్పు తోడవుతుంది. కనుక పొరుగూరి చుట్టాలు చెప్పిన పద్ధతి మన దొడ్డికి సరిపోతుందని అనుకోకూడదు. మన మట్టి ఏదో మనమే చూసుకోవాలి.

పిల్లలకు సెలవు పని ఇక్కడ దొరుకుతుంది. ఆ మనవడు అయిదో తరగతి, వాడి అక్క ఏడు. ఇద్దరి చేతా మూడు పరీక్షలు చేయించాము. మీ ఇంట్లోనూ చేయించండి, ఖర్చు లేదు.

మొదటిది సీసా పరీక్ష. తెల్ల గాజు సీసాలో మూడో వంతు మట్టిపొడి వేసి, నిండా నీళ్లు పోసి, మూత బిగించి బాగా గిలకొట్టి, కదపకుండా పెట్టాలి. నిమిషంలోపే ఇసుక అడుక్కు చేరుతుంది. గంటల మీద మెత్తటి ఒండ్రు దాని పైన పరుచుకొంటుంది. బంకమట్టి మరునాటికి గాని దిగదు, ఒక్కొక్కప్పుడు అప్పటికీ నీరు తేరదు. పొరలను కొలబద్దతో కొలిస్తే ఏ పాలు ఎంతో తెలుస్తుంది. మన పాలలో వెన్న ఎంత అని అడగడం నేర్చినవాళ్లము గదా, మన మట్టిలో బంక ఎంత అని అడగడానికి మొహమాటమెందుకు?

రెండవది పదును పరీక్ష. గుప్పెడు మట్టి తీసి పిడికిట బిగించాలి. ముద్ద కట్టి, నడుము ఎత్తు నుంచి వదిలితే పొడిగా విడిపోయిందా, అది పదును. అప్పుడే తవ్వాలి. ముద్ద చెదరకుండా నేలకు అంటుకొంటే ఇంకా తడి ఎక్కువ, ఆ స్థితిలో తవ్వితే వచ్చే గడ్డలు ఎండి రాళ్లవుతాయి, మళ్లీ వర్షం పడేదాకా విరగవు. అసలు ముద్దే కట్టకపోతే ముందురోజు సాయంత్రం తడపాలి.

మూడవది గిన్నె పరీక్ష. నిలువు అంచులున్న వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, కాకులు, కోళ్లు ముట్టకుండా పైన వల కప్పి, పగలంతా ఎండలో పెట్టాలి. ఉదయం ఒకసారి, మరునాటి ఉదయం ఒకసారి నీటి మట్టం కొలవాలి. తేడా ఎనిమిది మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. పది చదరపు మీటర్ల మడి అంతా తడిగా, కప్పు లేకుండా వుంటే ఆ లెక్కన రోజుకు 80 లీటర్లు ఎండ పాలవుతాయి. పాలిచ్చే గేదె వేసవిలో ఒక రోజు తాగే నీరు ఇంచుమించు అంత. ఈ లెక్క చెప్పగానే ఆ ఏడో తరగతి పిల్ల, “అయితే మనం ఇంకో గేదెకు నీళ్లు మోస్తున్నట్టేగా నాయనమ్మా!” అన్నది. నీళ్లు మోసేది ఆ పిల్లే. అందుకే దానికి ముందుగా తట్టింది. ఆడపిల్ల బిందెలు మోయడం, మగపిల్లవాడు పాదుకు తన పేరు పెట్టుకోవడం చాలా ఇళ్లలో చూస్తున్నాము. ఆ బిందెలు తగ్గించడం కూడా ఈ పాఠంలో భాగమే.

ఇక చేయవలసిన పని. స్థలమంతా ఒకేసారి పట్టుకోవద్దు. ఆవిడ నాలుగు సెంట్లలో మేము గీసి ఇచ్చింది పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల మడి ఒకటి, పక్కన నాలుగు పాదులు. పాక నీడ మధ్యాహ్నం తరువాత పడే చోటు ఎంచుకొన్నాము. మొదట నెర్రెలు పూడ్చాలి. పైమట్టి రెండు అంగుళాలు గీకి, పొడి చేసి, జల్లించిన పాత ఎరువు కలిపి నెర్రెల్లోకి చీపురుతో నెట్టాలి. ఆ తరువాతే నీరు. అదీ బిందెతో గుమ్మరించడం కాదు, చిల్లుల డబ్బాతో నెమ్మదిగా, కొంచెం ఆగి మళ్లీ కొంచెం. మట్టి ఉబ్బి నెర్రె మూసుకోవడానికి వ్యవధి కావాలి.

ఎరువు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన సభ్యులకున్న పెద్ద ఆస్తి అది, పెద్ద నష్టమూ అక్కడే. ఒక గేదె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. రెండు గేదెలకు 30 కిలోలు. ఏడు వారాల సెలవులకు 1470 కిలోలు. పిల్లలను ఈ గుణకారం చేయమనండి. అందులో ఎంత పిడకలకు పోతోందో, ఎంత దిబ్బ మీద ఎండిపోతోందో కూడా రాయమనండి. పిడకలు పూర్తిగా మానమని మేము అనము, పొయ్యి వెలగాలి గదా. పంచితం సంగతి ఇంకా అన్యాయం. పేడలో కంటే పంచితంలో నత్రజని, పొటాషు ఎక్కువ. అది పాక వెనుక బురదలో పోతోంది. గేదెల కాళ్ల కింద పొడిమట్టి పలుచగా పరిచి, అది తడిసిన కొద్దీ ఎత్తి ఎరువు గుంటలో వేస్తే ఆ సారం దక్కుతుంది. పాక వాసన కూడా తగ్గుతుంది, పాలకు అది మంచిది.

గుంట ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు చాలు. చెట్టు నీడన తీయాలి. చెత్త ఒక పొర, పేడ ఒక పొర, పంచితం తాగిన మట్టి ఒక పొర, పైన కొంచెం నీరు. ఇండోరులో ఆల్బర్ట్ హోవార్డు 1920ల చివర చేసి చూపిన కంపోస్టు పద్ధతికి మూలం ఇదే సంగతి: పేడ ఒక్కటే కాదు, చెత్త ఒక్కటే కాదు, రెండూ కలవాలి, గాలీ తడీ అందాలి. నెలకొకసారి తిరగేయాలి. తిరగేసేటప్పుడు తెల్లటి లావుపాటి పురుగులు కనిపిస్తే ఏరించండి. అవి కొమ్ముపురుగు పిల్లలు, పెరిగి రెక్కలొచ్చాక మీ కొబ్బరి మొవ్వు తొలిచేవి అవే. కోళ్లకు వేస్తే సంతోషంగా తింటాయి.

అయితే ఈ వేసవిలో నింపిన గుంట మాగడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. వినాయక చవితి ప్రాంతానికి అక్కరకొస్తుంది. ఇప్పటి మడికి మాత్రం పాత దిబ్బ అడుగున నల్లగా, వాసన లేకుండా, చేతికి అంటకుండా వున్న ఎరువే వాడాలి. పచ్చి పేడ వద్దు. ఇది పుస్తకం చూసి చెబుతున్నది కాదు. మేము ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మా బస వెనుక వంగ, మిరప నాటి, మంచి చేద్దామని ఒక్కొక్క గుంటలో దోసెడు పచ్చి పేడ పెట్టాము. అయిదో రోజుకు సగం మొక్కలు మాడినాయి, మిగిలిన సగానికి చెదలు పట్టింది. రైతులకు ఎరువుల మీద ఉపన్యాసం చెప్పి వచ్చిన సాయంత్రమే అది చూడవలసి వచ్చింది.

మడికి కప్పు వేయడం తరువాతి పని. వరిగడ్డి కప్పమని కొన్ని కరపత్రాల్లో వుంటుంది. మన ఇళ్లలో వరిగడ్డి గేదె నోటి ముందు కూడు, దాన్ని నేలకు పరచమంటే ఎవరు వింటారు? గాడిలో గేదె ఏరి వదిలేసిన గడ్డి, ఎండుటాకులు, కొబ్బరి పీచు, ఉయ్యూరు చుట్టుపక్కల అయితే చెరకు ఆకు, ఇవి చాలు. రెండు మూడు అంగుళాల మందాన పరచాలి. మొదలుకు ఆనకుండా నాలుగు వేళ్ల ఎడం వదలాలి, లేకుంటే చెదలకు దారి. పిల్లలు రెండు గిన్నెల్లో తడిమట్టి పెట్టి, ఒకదానికి కప్పు వేసి, రెండవదానికి వేయకుండా ఎండలో రెండు రోజులుంచి వేలు పెట్టి చూస్తే, మేము చెప్పనక్కరలేదు.

పాదులకు కుండ పద్ధతి అన్నిటికంటె పొదుపు. అయిదారు లీటర్లు పట్టే మట్టి కుండను మెడ వరకు నేలలో పాతి, చుట్టూ నాలుగు గింజలు పెట్టాలి. కుండ నిండా నీళ్లు పోసి మూకుడు బోర్లించాలి. నీరు కుండ గోడల గుండా చెమర్చి, మట్టి ఎంత ఆరితే అంత దిగుతుంది. వేర్లు కుండను చుట్టుకొంటాయి. రెండు మూడు రోజులకొకసారి నింపితే సరి. ఇది కొత్త సంగతి కాదు. రెండు వేల ఏళ్ల నాడు చైనాలో ఫాన్ షెంగ్‌జీ అనే ఆయన రాసిన సేద్యపు గ్రంథంలోనే దోస జాతి పాదులకు కుండలు పాతమని వుంది. కుండ కొనేటప్పుడు చెమర్చేదేనా అని చూడండి, నిగనిగలాడే పూత వున్నది పనికిరాదు. ఏళ్లు వాడిన కుండ ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది, అదీ పనికిరాదు. మూత మరిచిపోతే దోమలు పెరుగుతాయి.

నీళ్లెక్కడివి అంటారు. గేదెను కడిగిన నీరు వుంది గదా! రోజూ రెండు పూటలా పొదుగు, ఒళ్లు కడిగే నీరు పాక వెనుక గుంటలో నిలిచి ఈగలకు నిలయమవుతోంది. చిన్న బోదె తీసి ఆ నీటిని అరటికీ, నేపియర్ గడ్డికీ మళ్లించండి. నేపియర్ కణుపులు రెండేసి ఆ బోదె గట్టున గుచ్చితే రెండు రెండున్నర నెలలకు మొదటి కోత వస్తుంది, ఎప్పుడూ తడిసి వుండే చోటైతే పారాగడ్డి. నాలుగు అవిసె చెట్లు కంచె వెంట వుంటే ఆకు మనకూ, పశువుకూ కూడా. పచ్చిమేత పిడికెడైనా అందిన గేదెకూ, వట్టి వరిగడ్డి తిన్న గేదెకూ తేడా మీ పాల పుస్తకంలోనే కనబడుతుంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పాల క్యాన్లు చాకలిసోడాతో కడిగిన నీటిని మడికి పోయకూడదు. సోడా ఉప్పు బంకమట్టిని మెత్తటి బురదగా చెదరగొట్టి, ఎండిన తరువాత సిమెంటు చపటాలా చేస్తుంది. అదే చౌడు. అవనిగడ్డ, బందరు వైపు ఉప్పు తగిలే బోరునీళ్లు కూడా రోజూ పోస్తే ఇదే గతి. అటువంటి చోట తాగే నీళ్లలో మిగిలినవి, బియ్యం, కూరలు కడిగినవి దాచి కుండలకు పోయడమే మేలు.

మడి పనికి సంబంధించకపోయినా ఎండిన నేలకు సంబంధించినది ఇంకొకటి వుంది, ఇది పిల్లలకూ పెద్దలకూ గట్టిగా చెప్పాలి. సెలవుల్లో గేదెలను పిల్లలే మేపుకు తోలుకుపోతారు. కోసిన జొన్న చేలల్లో మొదళ్ల నుంచి లేత పిలకలు వస్తాయి. అంతా ఎండిపోయిన చోట అవి పచ్చగా కనబడి గేదె అటే పోతుంది. నీరందక వాడిన లేత జొన్నలో సైనైడు జాతి విషం పేరుకొని వుంటుంది. మేసిన కొద్దిసేపటికే పశువు రొప్పుతుంది, తూలుతుంది, నురగ కక్కుతుంది, పడిపోతుంది. ఇంటికి తోలుకొచ్చి ఆలోచించే వ్యవధి వుండదు. ఆ క్షణమే పశువైద్యునికి కబురు పోవాలి. నరానికి ఇచ్చే విరుగుడు మందు వున్నది గాని అది సమయానికి పడాలి. మోకాలెత్తు దాటని జొన్న, వాడిన జొన్న, పిలక జొన్న, ఈ మూడింటి దరికి పశువును పోనీయవద్దు. పూత దశకు వచ్చిన పైరును కోసి మేపవచ్చు. ఒక గేదె పోతే ఆ ఇంటి సంవత్సరం పోతుంది. ఆ భారం పదేళ్ల పిల్లవాడి మీద పడితే వాడు జన్మలో మరిచిపోడు. తోలుకుపోయే ముందే వాడికి ఏ చేను ఏదో చూపించండి.

ఏమి వేయాలని అడుగుతారు. ఎండకు తట్టుకొనేవి గోంగూర, తోటకూర, బెండ, గోరుచిక్కుడు. నీడ తగిలే చోట బచ్చలి. కుండల చుట్టూ బీర, ఆనప, దోస. తోటకూర మూడు నాలుగు వారాలకే కోతకొస్తుంది కనుక పిల్లల ఓపికకు సరిపోతుంది. ఆ పెద్దావిడ మనవడికి దాన్నే అప్పగించాము. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ పదిహేను రోజులూ కొత్త విత్తనం పెట్టకుండా వున్నవాటిని కాపాడుకొంటే చాలు. మృగశిరలో వాన పడ్డాక పందిరి పాదులు నిబ్బరంగా వేసుకోవచ్చు.

కోసిన కూర ఇంట్లోనే తినండి. తోటకూర, మునగాకులో కంటికి కావలసిన విటమిన్ ‘ఎ’ తయారయ్యే పదార్థం వుంది. అది ఒంటికి పట్టాలంటే కొంచెం వెన్నో నెయ్యో తోడు కావాలి. పాలన్నీ కేంద్రానికి పోసి పిల్లలకు నీళ్ల మజ్జిగ ఇస్తున్న ఇళ్లు మాకు తెలుసు. పాలు సేకరించే సంస్థ పత్రికలో ఈ మాట రాస్తే మా పై అధికారులు ఏమంటారో గాని, పిల్లవాడికి గ్లాసెడు పాలు తీసి పెట్టిన తరువాతే క్యాను నింపండి.

జూన్‌లో మళ్లీ అటు వెళ్లాము. మడిలో తోటకూర రెండో కోతకు వచ్చింది. నాలుగు కుండల్లో ఒకటి పగిలింది, దాని చుట్టూ గింజలు పోయాయి. బెండకు పురుగు పట్టింది, బూడిద చల్లారట. మనవడు కాలువ గుంటలకు పోవడం పూర్తిగా మానలేదు, కానీ సాయంత్రం కుండలు నింపే వేళకు వస్తున్నాడని ఆవిడ చెప్పింది. సీసా ఇంకా కిటికీలో వుంది, నీరు తేరింది, మూడు పొరలూ కనబడుతున్నాయి. రెండు రోజుల్లో బడి తెరుస్తారు, ఆ తరువాత కుండలు ఎవరు నింపాలని ఇంట్లో వాదన నడుస్తున్నది. సాయంత్రం పాలు తీసేవాళ్లే నింపాలని ఆ ఏడో తరగతి పిల్ల తీర్పు. సాయంత్రం పాలు తీసేది వాళ్ల నాన్న.